డయల్ వెనక ఉన్నది

అలంకరణ సామాన్ల దుకాణాల్లో ‘పాతకాలం ఫోన్’ పేరుతో అమ్ముతున్న ఇత్తడి ఫోన్లు ఈ వారం మళ్లీ చిరాకు పుట్టించాయి. చూడ్డానికి గుండ్రటి డయల్, పది కన్నాలు, అన్నీ ఉంటాయి. వేలు పెడితే మాత్రం తిరగదు. ఒక్కో కన్నంలో ఒక్కో బటన్ దాగి ఉంటుంది. కదలాల్సిన వస్తువును కదలకుండా చేసి బల్ల మీద పెట్టుకోవడం గురించి ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు గొడవపెట్టుకున్నానో పాఠకులకు తెలుసు. అయితే ఈసారి గొడవ ఇత్తడి ఫోన్లతో మాత్రమే కాదు. నిజమైన పాత ఫోన్లు ఏరి దాచుకునేవాళ్లు కూడా చాలావరకు ఇంట్లో ఉండే సగాన్నే దాస్తున్నారు. రెండో సగం ఎక్స్ఛేంజిలో ఉండేది. అది లేకపోతే డయల్ ఎందుకు తిరుగుతోందో దాన్ని తిప్పే పిల్లవాడికి ఎప్పటికీ అర్థం కాదు.

డయల్ చేసే పని చాలా చిన్నది. వేలితో లాగితే స్ప్రింగ్ బిగుస్తుంది. వదిలితే అది వెనక్కి వస్తూ లైన్లో కరెంటును తెంపి కలుపుతుంది: ఏడుకు 7 సార్లు, సున్నాకు 10 సార్లు, సెకనుకు సుమారు 10 చొప్పున. బెజవాడ కోడ్ 0866 తిప్పితే 30 తెంపులు, బందరు కోడ్ 08672 తిప్పితే 33. వాటిని లెక్కపెట్టేది అవతలి యంత్రం. అమెరికాలో అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజర్ 1891లో పేటెంట్ పొందిన పద్ధతి అది. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో దాంతో మొదటి ఎక్స్ఛేంజి తెరిచారు. మన దేశంలో ముందు సిమ్లాకు వచ్చింది, 1913-14 ప్రాంతంలో. 1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ) ఈ సామానునే దేశానికి తయారుచేసిపెట్టింది. ఇక ఆ యంత్రం తెంపుల్ని ఎలా లెక్కపెడుతుందో చూద్దాం. తిప్పే నంబరులో చివరి రెండంకెలు 47 అనుకోండి. లైన్‌ను ఎంచి కలిపే పరికరం, అంటే సెలెక్టర్‌లోని ఇరుసు టకటకమంటూ నాలుగు మెట్లు పైకెక్కి, ఏడు అడుగులు పక్కకు తిరిగి, సరిగ్గా ఆ ఒక్క కాంటాక్ట్ మీద ఆగుతుంది. పది వరసలు, వరసకు పది, మొత్తం 100 ఫోన్లు. మరి నాలుగు పూర్తయింది, ఇక వచ్చేది ఏడు అని దానికెలా తెలుస్తుంది? ఒక రిలే, అంటే కరెంటు అయస్కాంతంతో పనిచేసే స్విచ్, లోపలి ఇనుప కడ్డీకి లావుపాటి రాగి కడియం తొడిగి ఉంటుంది. కరెంటు తెగినా ఆ రాగి వల్ల అయస్కాంతం వెంటనే పట్టు వదలదు. తెంపులు వరసగా వస్తున్నంతసేపు రిలే విడిపోదు. అంకెకూ అంకెకూ మధ్య విరామం రాగానే విడిపోతుంది. అప్పుడు ఎక్కడం ఆగి తిరగడం మొదలవుతుంది. చిప్ అన్నదే లేకుండా కాలాన్ని కొలిచే ఈ కడియాన్ని చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. తుక్కు కొట్లో మాత్రం దానికి పలికేది కేజీ రాగి ధరే.

దీన్నిలా మెచ్చుకోవడం ఆ రోజుల్ని మెచ్చుకోవడమే కదా అని అడిగేవాళ్లున్నారు. ఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు, ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద పూటంతా కూర్చున్నవాళ్లు ఆ మాట అంటే కాదనలేం. 1984లో పుట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ చిన్న డిజిటల్ ఎక్స్ఛేంజిలతో పల్లెల్ని కలిపింది. స్ట్రౌజర్ ర్యాకుల్ని తీసేయడం న్యాయమైన పనే. కానీ తీసేయడం వేరు, ఒక్కటైనా మిగల్చకపోవడం వేరు. ఇవాళ సిగ్నల్ ఎటు వెళ్తుందో ఎవరి కంటికీ కనిపించదు. ఆ యంత్రంలో నిర్ణయం కళ్లెదుట జరుగుతుంది, చెవికి వినిపిస్తుంది. బడిపిల్లలకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

బాగుచేయడంలోనూ మనవాళ్లకు తొందర ఎక్కువ. కాంటాక్టుల నలుపు పోవాలని గరుకు కాగితం పెట్టి రుద్దితే పైనున్న వెండి పోతుంది. పల్చటి ఉక్కు రేకుతో సుతారంగా తుడిస్తే చాలు. డయల్ మెల్లగా తిరుగుతోందంటే చాలాసార్లు స్ప్రింగ్ తప్పు కాదు, వేగాన్ని అదుపుచేసే గవర్నర్‌లో గట్టిపడిన పాత నూనె. మన కృష్ణా డెల్టాలో అన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. పాత వైర్లకు చుట్టిన నూలు వానాకాలం గాలిని పీల్చుకుంటుంది, కరెంటు పక్క తీగలోకి జారుతుంది. ఇక దుమ్ము సంగతి. సెలెక్టర్ అందంగా కనిపించాలని రేకు మూత తీసి పారేసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆ మూత ఉన్నది దుమ్ము పడకుండా ఉండటానికే.

చివరి అభ్యంతరం నిష్ఠగలవాళ్లది. వాళ్ల లెక్కలో బ్యాటరీ గది, గంట మోగించే యంత్రం, ర్యాకులు అన్నీ అసలువే ఉండాలి. చిప్ తగిలిస్తే ఇత్తడి ఫోన్‌కూ దానికీ తేడా ఉండదు. నా పాత పంతం ప్రకారం నేనూ వాళ్ల పక్షమే ఉండాలి. కానీ టన్నుల బరువు సామాను మోసే ఇల్లు గానీ, బడి గానీ మన దగ్గర ఎక్కడుంది? పైగా 1891 నాటి స్ట్రౌజర్ పద్ధతిలో వేలితో తిప్పే డయలే లేదు. నొక్కే మీటలే ఉండేవి, డయల్ 1896లో వచ్చింది. కాబట్టి దోషం బటన్‌ది కాదు. ఇత్తడి ఫోన్‌లో డయల్ తీసేసినా కాల్ వెళ్తుంది, అదే దాని దోషం. ఒక్క సెలెక్టర్, ఒక్క అసలు డయల్, 50 వోల్టుల సప్లయ్ పెట్టుకుని, డయల్ టోన్, గంట లాంటి మిగతా పనుల్ని చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు అప్పగిస్తే, అక్కడ ఇరుసు ఎక్కకపోతే కాల్ వెళ్లదు. అది నకిలీ కాదు. చిప్ సెలెక్టర్ చుట్టూ ఉండొచ్చు, రాగి కడియం ఉన్న రిలే స్థానంలోకి మాత్రం రాకూడదు.

బెజవాడ ఆటోనగర్‌లోనో మరో తుక్కు బజారులోనో సెలెక్టర్ కనబడితే బేరం మొదలుపెట్టే ముందు దాని బ్యాంక్, అంటే ఆ 100 కాంటాక్టుల అర, ఎక్కడుందో అడగండి. చాలా రకాల్లో అది ర్యాకుకే బిగించి ఉంటుంది, సెలెక్టర్ విడిగా ఊడి వస్తుంది. అందుకే రెండూ వేర్వేరు గోతాల్లో వేర్వేరు ఊళ్లకు వెళ్లిపోతాయి. బ్యాంక్ లేని సెలెక్టర్ ఎక్కుతుంది, తిరుగుతుంది, ఎవరికీ కలపదు.