కరువుకు తల్లి పేరెందుకు?

గ్రీకుల పంట దేవత డిమీటర్ కథ నిజానికి ఒక కరువు కథ. కూతురు పెర్సెఫొనీని పాతాళ రాజు హేడీస్ ఎత్తుకుపోతే, ఆ తల్లి భూమిలో ఒక్క విత్తనాన్నీ మొలకెత్తనివ్వదు. దేవతలకు నైవేద్యాలు ఆగిపోయే పరిస్థితి వచ్చాక గానీ జియస్ దిగిరాడు, రాజీ కుదర్చడు. అంటే ఆ కరువుకో కారణం ఉంది, బాధ్యుడున్నాడు, బేరమాడే దారీ ఉంది.

మన సీమలో కరువుకే విడిగా ఓ తల్లి ఉంది: ఇనుప గజ్జెల తల్లి. అనంతపురం కథకుడు సింగమనేని నారాయణ సంపాదకత్వంలో వచ్చిన కథల సంకలనానికీ అదే పేరు. గొప్ప ప్రతీకే, కాదనను. పేరు వినగానే చప్పుడు చెవిలో పడుతుంది. కానీ ఆమె ఎందుకొచ్చిందో, ఎవర్ని నిలదీస్తే పోతుందో ఆ పేరు చెప్పదు.

ఆ లోటును సింగమనేని కథే పూడుస్తుంది. శనక్కాయ సాగు మీద రాసిన కథకు ఆయన పెట్టిన పేరు 'జూదం'. శనక్కాయకు విత్తేనాటి పదును ఒక్కటే చాలదు. పూత అయ్యి ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే కాయ ఊరదు, అప్పు మాత్రం ఊరుతూనే ఉంటుంది. జూదం అన్నాక పందెం సొమ్ముంటుంది, అప్పిచ్చినవాడుంటాడు, ఓడేవాడుంటాడు. వాళ్ల గురించి ప్రశ్నలు అడగొచ్చు. తల్లినైతే మొక్కడమే.

అనంతపురం వర్షచ్ఛాయలో ఉండటం ఎవరి కుట్రా కాదు, నిజమే. అయితే వాన పడకపోవడం వేరు, రైతు మునిగిపోవడం వేరు. సీమ కథ అనగానే 'కరువు కథ' అని తేల్చేసే మనలాంటి సిటీ పాఠకులం ఆ రెంటినీ కలిపేస్తున్నాం. ఈసారి ఆ కథలు చదివేటప్పుడు గజ్జెల చప్పుడును కాస్త పక్కనపెట్టి, అప్పుల లెక్క చూద్దాం.