బరువు తగ్గించే రాయి

అరకు సంతకు దిగే కొండదారుల్లో ఒక్కోసారి ఒక వింత మోత ఎదురవుతుంది. కావిడికి వెనక చిక్కంలో పెద్ద పనసకాయ ఉంటుంది, ముందు చిక్కంలో రాయి. అమ్ముకునే రాయీ కాదు, మొక్కే రాయీ కాదు. దారిలో గెడ్డ దాటుతూ ఏరుకున్న మామూలు గుండ్రాయి. ఉన్న మోత చాలదన్నట్టు ఇదొకటా అని కార్లలోంచి చూసే పట్నంవాళ్లు నవ్వుకుంటారు. మొదటిసారి నేనూ నవ్వాను. రాయెందుకని అడిగితే కావిడి మోస్తున్న పెద్దాయన, “చెయ్యి ఎంతసేపని నొక్కుతాది బాబూ?” అని ఎదురు ప్రశ్న వేశాడు. దాని అర్థం తెలియడానికి ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకోవలసి వచ్చింది.

కావిడి బద్ద అయిదడుగులు, పనసకాయ పన్నెండు కిలోలు అనుకుందాం. బద్దను భుజం మీద వెనక్కి ముందుకీ జరుపుకోవచ్చు గనక, కాయ వైపు రెండడుగులు, రెండోవైపు మూడడుగులు ఉండేలా పెట్టుకుంటే ఆ చివర ఎనిమిది కిలోల రాయి చాలు. రెండు పన్నెండ్లు ఇరవైనాలుగు, మూడు ఎనిమిదులూ ఇరవైనాలుగే. తూకం కుదిరింది. భుజం మీద పడేది మొత్తం ఇరవై కిలోలు.

ఇప్పుడు రాయి తీసేద్దాం. దాని పని చెయ్యి చెయ్యాలి. కానీ చెయ్యి మూడడుగుల చివరిదాకా అందదు. రెండడుగుల దగ్గర పట్టుకుంటే పన్నెండు కిలోల బరువంత బలంతో కిందికి నొక్కి ఉంచాలి. అప్పుడు భుజం మీద పడేది ఇరవైనాలుగు. అంటే రాయి వేసినందుకు భుజానికి నాలుగు కిలోలు తగ్గింది! కాళ్లకు మాత్రం ఎనిమిది కిలోలు ఎక్కువే. అది దాచాల్సిన పని లేదు. కొండమనిషి ఆ అదనపు బరువును తన ఒంట్లో అన్నిటికంటే గట్టిదైన చోటికి పంపేశాడు. బదులుగా ఒక చెయ్యి ఖాళీ చేసుకున్నాడు. ఆ చెయ్యి కొమ్మ పట్టుకుంటుంది, కర్ర ఊతగా పట్టుకుంటుంది, జారినప్పుడు ప్రాణం కాపాడుతుంది. ఇంత పొదుపైన బేరం సంతలో కూడా జరగదేమో.

రాయి సంగతి సరే, బద్ద సంగతి ఇంకా గొప్పది. అరకు వచ్చినవాళ్లకు వెదురంటే బొంగు చికెనే గుర్తొస్తుంది. ఆ పలచని బొంగు కావిడికి పనికిరాదు. లోపల బోలు తక్కువగా ఉండి, గోడ మందంగా ఉన్న ముదురు వెదురు కావాలి. లేతదైతే ఆరేకొద్దీ ముడుచుకుపోతుంది, పురుగు పడుతుంది. నరికి తెచ్చిన గడను నిలువునా చీల్చి, పొయ్యి మీద పొగ తగిలే చోట ఆరనిస్తారు. తర్వాత కత్తి పని. నడుమ మందంగా ఉంచి, రెండు చివరలకూ పోయేకొద్దీ సన్నం చేస్తారు. ఇది అందం కోసం కాదు. బద్దను వంచే ఒత్తిడి భుజం దగ్గరే ఎక్కువ. చివరలకు పోయేకొద్దీ తగ్గి, తాడు కట్టే చోట దాదాపు ఏమీ ఉండదు. ఎక్కడ ఎంత వెదురు కావాలో అక్కడ అంతే ఉంచి, మిగతాది చెక్కి పారేస్తారు. ఇంజినీరింగు కాలేజీలో దూలాల పాఠం రెండోసారి రాసి గట్టెక్కిన నాలాంటివాడికి ఆ బద్దను చూస్తే కొంచెం సిగ్గే.

చివరల్లో తాడు జారకుండా గాటు పెడతారు. పనితనం తెలిసేది అక్కడే. ఎక్కడ పడితే అక్కడ గాటు పెడితే వెదురు అక్కణ్ణుంచే చీలుతుంది. కణుపును ఆనించి పెడితే, కణుపు దగ్గర నారలు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి గనక చీలిక ముందుకు సాగదు. చిక్కాలకు అడ్డాకు తీగ బెరడు నార మంచిది. మనం విస్తళ్లు కుట్టుకునే అడ్డాకు ఆ తీగదే. ఇప్పుడు చాలా చోట్ల నైలాను తాడు వచ్చేసింది. చవకే, కుళ్లదు, కాదనను. చూడ్డానికి మాత్రం నాకు నచ్చదు. తాళ్ల పొడవుకీ ఒక లెక్కుంది. ఎక్కేటప్పుడు ముందు చిక్కం గట్టుకు తగులుతుంది, దిగేటప్పుడు వెనక చిక్కం తగులుతుంది. అందుకే వాలు దారుల్లో తాళ్లు పొట్టిగా కట్టుకోవాలి.

ఇక ఆ ఊగు. కావిడి మోసేవాళ్లు పొట్టి అడుగులతో వడివడిగా నడుస్తారు. అడుగుకో ఊగు చొప్పున బద్ద రెండు చివరలూ పక్షి రెక్కల్లా లేచి పడుతుంటాయి. రోజర్ క్రామ్ అనే పరిశోధకుడు ఇలా ఊగే గడలతో మనుషుల్ని పరిగెత్తించి, 1991లో ఫలితాలు ప్రచురించాడు. ఒంటికి ఖర్చయ్యే శక్తి ఏమీ తగ్గలేదట. అయితే అడుగుపడ్డప్పుడల్లా భుజాన్ని తాకే దెబ్బ బాగా తగ్గింది. నేనొకసారి రెండు నీళ్ల బిందెలతో ప్రయత్నించాను. నా అడుగు ఒకటి, బద్ద ఊగు ఇంకొకటి. ఇరవై గజాలు పోయేసరికి సగం నీళ్లు నా పంచె మీదే ఉన్నాయి. జీలుగు కల్లు కుండలు కట్టుకుని గట్ల మీంచి నురగైనా చెదరకుండా దిగేవాళ్ల విద్య అప్పుడు తెలిసొచ్చింది.

ఈ రాయి తెలివి కొండల సొత్తు మాత్రమే కాదు. అమెరికాలో రాళ్ల మధ్య ఉరికే నదుల్లో గాలి నింపిన పడవలు నడిపేవాళ్లకు పొడవైన తెడ్లుంటాయి. తెడ్డులో ఇంచుమించు మూడో వంతు పడవలోకి, మిగిలిందంతా బయటికి. రెక్క నీళ్లలోంచి లేవాలంటే పిడిని కిందికి నొక్కాలి. రోజంతా వేలసార్లు నొక్కాలి. దాంతో కొందరు పిడి దగ్గర సీసమో ఇనుమో సొంతంగా బిగించుకుంటారు. తెడ్డు బరువు పెరుగుతుంది, చేతికి మాత్రం తేలికవుతుంది. మన పల్లపు పొలాల్లో ఒకప్పుడు ఏతం తోకకు కట్టిన బండరాయి చేసిందీ ఇదే. పెద్దాయన ప్రశ్న ఆ పడవవాళ్లకు అనువదించి చెబితే వెంటనే తలూపుతారు.

కావిడి మనకు పాతచుట్టమే. యాత్రికుడు ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు ఆయన వెంట సామాను మోస్తూ కావటివాళ్లు నడిచారు. కల్లునీ కట్టెల్నీ ఇన్ని కావిళ్లని లెక్కపెట్టడం మన భాషలో ఉండనే ఉంది. అరకు చుట్టుపక్కల ఇప్పుడు సరుకు చాలావరకు ఆటోల్లో, జీపుల్లో దిగుతోంది. రోడ్డు లేని ఊళ్లలో రోగుల్ని డోలీ కట్టి మోస్తున్న రోజుల్లో మోతబద్దను మెచ్చుకుంటూ రాయడం కొంచెం ఇబ్బందిగానే ఉంది. రోడ్డు రావాలి, డోలీ పోవాలి. అందులో రెండో మాట లేదు. కానీ పనితనం పనితనమే.

రాయి ఒకవైపు ప్రయాణానికే. పనసకాయ అమ్ముడుపోయాక తిరుగుదారిలో ఉప్పు ఒక చిక్కంలో, ఎండుచేపలూ నూనె డబ్బా రెండో చిక్కంలో సర్దుకుంటాయి. రాయి సంత గట్టు మీదే ఉండిపోతుంది. ఈసారి అరకు సంతకు వెళ్తే గట్టు పక్క చూడండి, చుట్టుపక్కల రాళ్లతో పోలిక లేని గెడ్డ గుండ్రాళ్లు ఒకటో రెండో కనిపించవచ్చు.