ముసలివాళ్లను మనం అడిగే ప్రశ్న

2006లో ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి భాషకే ప్రత్యేకమైన లిపిలో రాసిన ప్రతులు బయటి ప్రపంచం దృష్టికి వచ్చాయి. ఆ లిపి చదవగలిగినవాళ్లు అప్పటికి కొద్దిమంది ముసలివాళ్లే. దీన్ని అందరం గొప్ప ఆవిష్కరణ అన్నాం. ఆవిష్కరణే, కాని ఎవరికి? ఆ ముసలివాళ్ల దృష్టిలో అది ఎన్నడూ పోలేదు. అంతకాలం దాన్ని చూడనిది మన విశ్వవిద్యాలయాలు, మన బడులు. చూడనిదీ మనమే, దొరికిందని చెప్పుకున్నదీ మనమే.

తెగల గురించీ వార్ధక్యం గురించీ పరిశోధన చేసేవారు ఇటీవల వలసభావ విముక్తిని గురించి విరివిగా మాట్లాడుతున్నారు. న్యూజిలాండ్‌కు చెందిన మావోరీ విదుషి లిండా తుహివాయి స్మిత్ 1999లో వెలువరించిన గ్రంథం ఈ చర్చకు బలమిచ్చింది. పరిశోధనలో ప్రశ్న ఎవరిది, ప్రయోజనం ఎవరిది, ఫలితం ఎవరికి తిరిగి చేరుతుంది అన్నవి ముందుగా తేల్చుకోవాలన్నది ఈ వాదానికి సారం. మాట కొత్తది కావచ్చు. విషయం మనకు కొత్తది కాదు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఆ అశాంతికి మూలాలు తెలుసుకోవడం నిజాం ప్రభుత్వానికి అవసరమైంది. ఆ తర్వాత ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ గోండుల మధ్య నివసించి, 1948లో వారిమీద గ్రంథం ప్రకటించాడు. గోండుల భూములు అన్యాక్రాంతమవుతున్న తీరును ఆయన ఎత్తిచూపాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు తోడ్పడ్డాడు. ఆ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది. అయినా ప్రశ్న పుట్టిన చోటు పాలకుల అవసరమేనన్న సంగతి మరచిపోరాదు.

ఆనాటి మానవశాస్త్రంలో ముసలివాడు ప్రధానంగా సమాచారం ఇచ్చేవాడు. గోండుల వంశగాథలను తరతరాలుగా కిక్రి వాయిస్తూ వినిపించేవారు పర్ధానులు. వారి పోషకులు గోండు కుటుంబాలే. పోషకుడి భూమి పోయినప్పుడు పాటగాడి ముసలితనం ఏమవుతుంది? గాథను పురాణంగా నమోదు చేసి, గాయకుడి ఆకలిని వేరే అధ్యాయానికి వదిలివేసే పద్ధతిలో ఈ ప్రశ్నకు చోటుండదు. తెగ వేరు, ముసలితనం వేరు, భూమి వేరు అని శాస్త్రం విడదీసింది. జీవితం మాత్రం విడదీయలేదు.

ఇక నేటి వార్ధక్య పరిశోధన చూద్దాం. జ్ఞాపకశక్తిని అంచనా వేయడానికి 1975లో అమెరికాలో ఒక పరీక్ష తయారైంది. అది ప్రపంచమంతా వ్యాపించింది. ఇది ఏ సంవత్సరమో చెప్పమంటుంది, ఒక వాక్యం రాయమంటుంది. బడి ముఖం చూడని మనిషిని దీనితో కొలిస్తే తేలేది జ్ఞాపకమా, బడి లేకపోవడమా? రాత్రంతా వంశగాథ తప్పకుండా పాడగల వృద్ధుడు కూడా ఈ పరీక్షలో తప్పవచ్చు. ఈ లోపాన్ని గుర్తించి, హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు చదువురాని వృద్ధులకోసం ప్రశ్నలను మార్చి, 1995లో హిందీ రూపం ప్రకటించారు. మంచి పనే. మార్చడం సాధ్యమేనని దీనివల్ల రుజువైంది.

2017-18లో మన దేశంలో నలభై అయిదేళ్లు, ఆ పైబడిన వారినీ వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేలకు మించిన జనాన్ని సర్వే చేశారు. అమెరికా సర్వేతో పోల్చడానికి వీలుగా దాన్ని రూపొందించారు. ఇలాంటి లెక్కలు మనకు కావలసిందే. అయితే ప్రశ్నను అనువదించినంత మాత్రాన అది మన ప్రశ్న అయిపోదు. విరమణ అనేది జీతగాడి మాట. ఇప్పపువ్వు ఏరుకొనే ముసలమ్మ ఏనాడు విరమించింది?

ఇక్కడ మరో ప్రమాదం ఉంది. ఆదివాసులలో పెద్దలకు గౌరవం మెండు, వాళ్లకు ముసలితనం బరువు కాదు అని కొందరు పారవశ్యంతో రాస్తారు. ఇదీ వలసభావమే. గౌరవం కడుపు నింపదు. కేంద్ర వృద్ధాప్య పింఛను 1995లో 65 ఏళ్ల వయోపరిమితితో మొదలై, 2011లో 60 ఏళ్లకు దిగింది. పుట్టిన తేదీ కాగితం లేనివాడు తన వయసును కరువులతో, పోరాటాలతో లెక్కగడతాడు. ఆఫీసు కాగితం అడుగుతుంది. తెగ సంస్కృతిని మెచ్చుకొంటూ ఆ కాగితం సంగతి ఎత్తని పరిశోధన ఎవరి పక్షాన ఉన్నట్టు?

మన కథకులు కూడా ఈ దోషానికి అతీతులు కారు. కథలో ముసలి గోండు వస్తాడు, నెగడు దగ్గర ఒక గాథ చెబుతాడు, కథ చివర చనిపోతాడు. అతనికి మోకాళ్ల నొప్పి ఉండదు, కొడుకుతో తగాదా ఉండదు, అప్పు ఉండదు. తన తెగకు గుర్తుగా నిలబడడమే అతని పని. పాత మానవశాస్త్రజ్ఞుడు నోటుపుస్తకంతో చేసిన పనిని మనం కథతో చేస్తున్నాం.

గుంజాల లిపిని పిల్లలకు నేర్పడానికి తర్వాత వాచకాలు వచ్చాయి. 2018లో కంప్యూటరు అక్షరాల అంతర్జాతీయ ప్రమాణంలో ఆ లిపికి స్థానం దక్కింది. లిపి తెలిసిన ముసలివాళ్లు లేకపోతే ఇదేదీ జరిగేది కాదు. ఇక్కడ వాళ్లు సమాచారం ఇచ్చేవాళ్లు కారు, గురువులు. పరిశోధకుడికైనా, రచయితకైనా సరైన దారి ఇదే. ముసలివాళ్ల దగ్గరకు మన ప్రశ్నలు పట్టుకొని వెళ్లేముందు, వాళ్లు మనల్ని అడుగుతున్నదేమిటో వినాలి. రాసినదాన్ని వాళ్ల ఊళ్లో, వాళ్ల భాషలో చదివి వినిపించే ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం లేని రచన ఎంత అభ్యుదయం మాట్లాడినా అది పాత దొర దస్త్రానికి కొత్త అట్ట మాత్రమే.