సీతారామారావుకి కౌన్సెలింగ్

ఈమధ్య నవలల గురించి ఎక్కడ మాట్లాడుకున్నా పాత్రలకి జబ్బుల పేర్లు పెట్టేస్తున్నాం. ‘అల్పజీవి’ సుబ్బయ్యకి సెల్ఫ్ ఎస్టీమ్ తక్కువ. ‘చివరకు మిగిలేది’ దయానిధికి తల్లితో తెగని ముడి. ‘అసమర్థుని జీవయాత్ర’ సీతారామారావుకైతే డిప్రెషనే. “గిప్పుడైతే నాలుగు సిట్టింగులల్ల మంచిగైతుండె అన్నా” అన్నాడు నిజామాబాద్ మిత్రుడొకడు. సరే, కూర్చోబెట్టి చూద్దాం. ఊళ్లో డాక్టర్లందరూ ఉండే ఖలీల్‌వాడిలోనే ఒక మేడ మీది గది అనుకోండి.

సీతారామారావుతో వాదించి గెలవడం కష్టం. ప్రేమ వెనక స్వార్థం, మంచితనం వెనక భయం అన్నీ ఆయన ముందే తవ్వేసుకున్నాడు. కౌన్సెలర్లు “ఎందుకు” అనే ప్రశ్నని వీలైనంత తప్పిస్తారు. అది వినగానే మనిషి సంజాయిషీకో సిద్ధాంతానికో దిగుతాడు. చిత్రం చూడండి, గోపీచంద్ ఈ నవలని అంకితమిచ్చింది “ఎందుకు” అని అడగడం నేర్పిన తండ్రికి. త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలని నిలదీయడానికి వాడిన ప్రశ్న అది. కొడుకు రాసిన పాత్ర దాన్ని తన మీదికే తిప్పుకుని, ఏ పనికీ చెయ్యి ఆడకుండా చేసుకున్నాడు. నవలలో నన్ను పట్టి ఆపేది ఇదే. డిప్రెషన్ అనేసి పక్కన పెడితే ముందు పోయేదీ ఇదే.

కాబట్టి నా కౌన్సెలర్ “ఎప్పటినుంచి?” అని అడుగుతుంది. అప్పుడు కాస్త దొరుకుతాడు. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చెప్పిపోయిన మాట, అడిగిన చుట్టాలకల్లా ఇస్తూ కరగబెట్టిన ఆస్తి. లేదని చెప్పడం చేతకాని కుర్రాడొకడు బయటికొస్తాడు. ఆ మాత్రం పని థెరపీ చేస్తుంది, ఒప్పుకుంటాను.

ఇప్పుడు అదే కుర్చీలో బోధన్ శక్కర్‌నగర్ మనిషిని ఊహించండి. నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి మూసేశారు. ఇల్లు కదలడు, కూలిన వైభవం గురించే చెప్తాడు, చీటికిమాటికి భార్య మీద లేస్తాడు. ప్రశ్నల ఫారం నింపిస్తే ఇద్దరికీ ఒకే స్కోరు రావచ్చు. ఈయనకి సిట్టింగులు వద్దనను. నిద్ర పట్టనివాడికి నిద్ర కావాలి. కానీ ఈయన్ని అసమర్థుణ్ని చేసింది ఒక నోటీసు. అది ఆయన బాల్యంలో వెతికితే దొరకదు. సీతారామారావుకి పోగొట్టుకోవడానికి ఆస్తి ఉంది, వదిలెయ్యడానికి ఉద్యోగం ఉంది. ఇద్దరికీ ఒకే పేరు పెట్టే పఠనం ఈ తేడాని చదవలేదు.

ఇంకో కుర్చీ కూడా వెయ్యాలి. సీతారామారావు భార్యకి. ఆయన విసుగూ కోపమూ భరించింది ఆమె. మనం మాత్రం ఆయన చీకటి ఎంత లోతో కొలుస్తూ ఉంటాం. విమర్శకులూ అంతే, నేను చదివినంతలో. కౌన్సెలర్ ముందు ఆయన్ని కాసేపు బయట కూర్చోమని, ఆమెని అడగాలి: “ఇవ్వాళ రాత్రి ఇంటికి పోవడానికి నీకు భయమైతుందా అమ్మా?” దీనికి ఆమె ఏమంటుందో నవలలో ఆధారాలు చాలా తక్కువ. కథ శ్మశానం దాకా ఆయన వెంటే నడుస్తుంది.