కడుపు చూసే చెయ్యి

సర్జరీ వార్డులో పొద్దున డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన సిస్టర్ ఒక్కో మంచం దగ్గర ఆగుతూ వచ్చి, ముందురోజు పొట్ట ఆపరేషన్ అయిన పెద్దాయన్ని అడిగింది: "తాతా, గ్యాస్ పోయిందా?" ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పక్కన కూర్చున్న మనవరాలు తల దించుకుంది. సిస్టర్ కాస్త వంగి, ఆయనకి మాత్రమే వినబడేలా మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఏ పెద్దాసుపత్రిలోనైనా రోజూ కనబడే దృశ్యమే ఇది. ఆ పూట ఆ మంచం దగ్గర అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి లేదు.

పొట్ట తెరిచి ఆపరేషన్ చేస్తే పేగులు కొంతసేపు కదలడం మానేస్తాయి. చిన్నపేగు కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకి రెండు మూడు రోజులు పడుతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా మేలుకొనేది పెద్దపేగే కాబట్టి, గ్యాస్ పోయిందంటే దారి పైనుంచి కిందిదాకా తెరుచుకుందని అర్థం. ఈ రోజుల్లో ఆ కబురు కోసం ఎదురుచూడకుండానే చాలామందికి త్వరగా గుక్కెడు తాగించి, మంచం దింపి నాలుగడుగులు నడిపిస్తున్నారు. అయినా ఆ ప్రశ్న మాత్రం పోలేదు, పోదు కూడా.

తల్లి కడుపు చూస్తుందని మనవాళ్ళ మాట. బిడ్డ తిన్నాడా లేదా అన్నది అడక్కుండానే పసిగట్టడం తల్లితనం. నర్సు కూడా కడుపే చూస్తుంది. అయితే ఆమె చూపుకి ఒక వరస, ఒక లెక్క, ఒక శాస్త్రం ఉన్నాయి. నోరు లేని అవయవాల చేత మాట్లాడించే ఈ విద్య పుస్తకంలో మొదలై, మంచం పక్కన ఒక చేతినుంచి మరో చేతికి అందుతూ వస్తోంది.

దీని విలువ తెలియాలంటే ముందు ఒక లెక్క చూడాలి. రోజుకి మనం తాగేదీ తినేదాంట్లో ఉండేదీ కలిపితే రమారమి 2 లీటర్ల నీరు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగుల్లో ఊరే రసాలు అన్నీ కలిపి శరీరం తన దగ్గరున్న నీటిలోంచి మరో 7 లీటర్లు జీర్ణనాళంలోకి పోస్తుంది. ఈ 9 లీటర్లలో దాదాపు అంతా పేగులు తిరిగి పీల్చుకుంటాయి. విరేచనంతో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే రక్తమే సుమారు 5 లీటర్లు. అంటే దానికి దగ్గర దగ్గర రెట్టింపు నీరు రోజూ పేగుల్లోకి దిగి మళ్ళీ ఒంట్లోకి చేరుతోందన్నమాట. ఈ రాకపోకల్లో ఎక్కడ తేడా వచ్చినా మనిషి గంటల్లో వాడిపోతాడు. అందుకే వార్డులో మంచానికి వేలాడే ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు అంత విలువైన కాగితం. సెలైన్ ఎంత ఎక్కింది, ఎన్ని గ్లాసులు తాగాడు, మూత్రం ఎంత, వాంతి ఎంత, గొట్టంలోంచి వచ్చింది ఎంత, ఏ రంగు అన్నీ అందులో ఉండాలి. ఒక గ్లాసు రాయడం మరిచిపోతే డాక్టరు వేసే లెక్క తప్పుతుంది.

ఇక పరీక్ష. ఛాతీని పరీక్షించేటప్పుడు చూడడం, తాకడం, తట్టడం అయ్యాక ఆఖరున వింటారు. పొట్ట దగ్గర ఆ వరస మారుతుంది. చూశాక ముందు వినాలి, తర్వాతే తట్టాలి, అన్నిటికీ చివర తాకాలి. ముందే నొక్కితే పేగుల కదలిక మారిపోయి, వినబడే చప్పుడు నిజమైనది కాకుండా పోతుంది. అందుకని నేర్చుకొనే పిల్లలకి టీచరమ్మలు ఈ వరసని పదేపదే అప్పజెప్పించుకుంటారు.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు కొంచెం ముడిపిస్తే పొట్ట వదులవుతుంది. నర్సు అరచేతులు రుద్దుకుని వెచ్చజేసుకుంటుంది. చల్లటి చెయ్యి తగిలితే కండరాలు బిగుసుకుంటాయి. ముందు చూపు: పొట్ట ఉబ్బిందా, పాత కోత మచ్చలున్నాయా, బొడ్డు బయటికి పొంగిందా, చర్మం పచ్చబడిందా. తర్వాత వినికిడి. బొడ్డు మీదుగా నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత ఊహించుకుంటే పొట్ట నాలుగు భాగాలవుతుంది. చిన్నపేగు పెద్దపేగుని కలిసే చోటు కుడివైపు కిందిభాగంలో ఉంటుంది. అక్కడ చప్పుడు తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి అక్కడే మొదలుపెడతారు. నిమిషానికి 5 నుంచి 30 గుడగుడలు మామూలు. సన్నగా, గణగణమని వేగంగా వినబడితే లోపల ఎక్కడో దారి మూసుకుని పేగు పెనుగులాడుతోందేమోనని అనుమానించాలి. ఏమీ వినబడకపోతే? నిశ్శబ్దమని రాసే ముందు పూర్తిగా 5 నిమిషాలు వినాలి. ముప్పై మంది రోగులున్న వార్డులో ఒక పొట్టమీద 5 నిమిషాలు చెవి పెట్టి నిలబడడం ఎంత ఓపికో చేసినవాళ్ళకే తెలుసు.

తట్టి చూడడం మనకి కొత్త కాదు. సంతలో కుండ కొనేవాళ్ళు, పుచ్చకాయ ఏరేవాళ్ళు చేసేది అదే. ఆస్ట్రియా వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ 1761లో ఈ పద్ధతిని వైద్యంలోకి తెచ్చాడు. గాలి ఉన్నచోట పొట్ట డప్పులా మోగుతుంది, నీరు చేరినచోట మొద్దుగా పలుకుతుంది. ఆఖరున తాకడం. నొప్పి ఉందని రోగి చూపించిన చోటుని చిట్టచివర తాకాలి. చెయ్యి పొట్టమీద ఉన్నా కళ్ళు రోగి మొహం మీద ఉండాలి. నోరు "ఏం లేదమ్మా" అన్నా కనుబొమలు నిజం చెప్పేస్తాయి. పొట్ట చెక్కలా బిగుసుకుని ఉంటే మరి ఆలస్యం లేదు, డాక్టర్ని పిలవాల్సిందే.

ఇక్కడ ఇంట్లోవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపు కిందికి జారితే అది అపెండిక్స్ వాపు కావచ్చు. కడుపునొప్పి అనగానే ఆముదం పట్టించడం, వేడినీళ్ళ సంచి పెట్టడం మన ఇళ్ళలో అలవాటు. అపెండిక్స్ విషయంలో ఆ రెండూ ప్రమాదమే. వాచిన అపెండిక్స్ పగిలి, చీము పొట్టంతా పాకే అవకాశం పెరుగుతుంది.

"లంఖణం పరమౌషధం" అన్న మాటకి దాని చోటు దానికుంది. పేగు అడ్డుపడినప్పుడు, మత్తు ఇచ్చే ముందు నోటికి ఏమీ ఇవ్వకపోవడమే రక్ష. అలాంటి రోగి నాలుక ఎండి, పెదాలు పగులుతాయి. తడి దూదితో నోరు తుడిచి, పెదాలకి వేజలీన్ రాయడం కూడా వైద్యమే. అయితే విరేచనాలవుతున్న పసిబిడ్డకి అదే లంఖణం ప్రాణాంతకం. "నీళ్ళు పడితే ఇంకా వెళ్తాయి" అని గ్లాసు దాచేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పోయే నీటికి బదులు నీరు పోయకపోతే బిడ్డ ఎండిపోతుంది. పొట్టమీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. రెండు సెకన్లకి పైగా ముడత నిలిచిందంటే నీరు బాగా తగ్గిపోయినట్టే, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక్కడే వైద్యచరిత్రలోని ఒక గొప్ప ఘట్టం చెప్పాలి. కలరాలో పేగులనుంచి నీరు వరదలా పోతున్నా, ఉప్పునీ గ్లూకోజునీ జంటగా లోపలికి తీసుకునే ద్వారం మాత్రం చెడదు. ఆ జంట వెంట నీరూ వస్తుంది. ఉప్పూ చక్కెరా కలిసి నడిచే ఈ సంగతిని రాబర్ట్ క్రేన్ 1960లో వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంనుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్ దగ్గర కలరాతో రాలిపోతున్నారు. ఎక్కించడానికి సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చారు. ఆ శిబిరంలో చావులు 30 శాతం దగ్గర్నుంచి 4 శాతంలోపుకి దిగాయి. నర్సులు చాలని చోట తల్లులు, అక్కలు నర్సులయ్యారు. గుక్కగుక్కగా తాగించడం, ఎంత పోయిందో చూసి అంత పోయడం అనే నర్సు పనే అక్కడ ప్రాణాలు నిలబెట్టింది. ఆయన 2022లో కన్నుమూశాక, మరుసటి ఏడు దేశం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ నీళ్ళకే ఇప్పుడు ఓఆర్‌ఎస్ అని పేరు. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని లీటరు మంచినీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం సగం కలిపినా, పైన చక్కెర వేసినా ఆ తూకం చెడుతుంది. కలిపినదాన్ని 24 గంటలు దాటాక పారబోయాలి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళలోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్దపిల్లలకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి. ప్యాకెట్టు దొరకని రాత్రి లీటరు నీళ్ళలో 6 చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచా అంటే చిన్న టీస్పూను, తలకొట్టి కొలవాలి. చనుబాలు ఆపకూడదు. ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ, మెత్తటి అన్నం పెట్టొచ్చు. డాక్టరు రాసిన జింకు మందుని, విరేచనాలు కట్టినా సరే, పూర్తిగా వాడాలి.

తినిపించడం కూడా ఒక విద్య అని గుర్తించింది ఫ్లోరెన్స్ నైటింగేల్. 1859లో వచ్చిన ఆమె నర్సింగ్ పుస్తకంలో రోగి ఆహారానికే రెండు అధ్యాయాలున్నాయి. ముట్టని పళ్ళేన్ని మళ్ళీ తింటాడేమోనని రోగి పక్కన అలాగే వదిలేస్తే అతనికి ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుందని ఆమె హెచ్చరించింది. కొంచెం పెట్టడం, సమయానికి పెట్టడం, తినకపోతే తీసేసి మళ్ళీ తాజాగా తేవడం ఆమె నేర్పిన పద్ధతులు.

మింగలేనివాళ్ళకి ముక్కులోంచి జీర్ణాశయందాకా రైల్స్ ట్యూబ్ వేస్తారు. ముక్కు కొసనుంచి చెవితమ్మె దాకా, అక్కణ్ణుంచి రొమ్ముఎముక చివరదాకా ట్యూబుతోనే కొలిచి గుర్తు పెట్టుకుంటారు. రోగిని కూర్చోబెట్టి, మింగగలిగితే గుటకలు వేయిస్తూ లోపలికి పోనిస్తారు. దగ్గు వచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే వెనక్కి తీయాలి. వేసిన ట్యూబు జీర్ణాశయంలోనే ఉందని తేలేదాకా చుక్క కూడా పోయకూడదు. లోపలి రసం లాగి చూస్తే పీహెచ్ 5.5కి మించకూడదు, అనుమానముంటే ఎక్స్‌రే తీయాలి. జావ పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, పోశాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పోస్తే ఆ జావ ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు.

కాలేయం గట్టిపడి పొట్టలో నీరు చేరిన రోగి దగ్గర నర్సు చేతిలో టేపు ఉంటుంది. రోజూ ఒకే వేళకి, పెన్నుతో గుర్తు పెట్టిన ఒకే చోట చుట్టుకొలత తీస్తుంది, బరువు చూస్తుంది. కాలేయం వడగట్టలేని విషాలు మెదడుకి ఎక్కుతున్నాయేమో తెలుసుకోవడానికి రోజూ సంతకం చేయిస్తుంది. నిన్నటి సంతకం పక్కన నేటి సంతకం వంకర పోయిందంటే ప్రమాదం దగ్గరపడుతోందన్నమాట. అలాంటివాళ్ళకి లాక్టులోజ్ ఇచ్చి రోజుకి రెండు మూడు సార్లు మెత్తటి విరేచనమయ్యేలా చూస్తారు. ఆ రెండు మూడుని లెక్కపెట్టేది నర్సే.

విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఘాటైన వాసనతో ఉంటే పైన ఎక్కడో రక్తం కారుతున్నట్టు. ఐరన్ మాత్రలు మింగినా నల్లగానే వస్తుంది. కాబట్టి చూడాలి, అడగాలి, అప్పుడే రాయాలి. ముక్కు మూసుకుని బెడ్‌పాన్ పారబోస్తే ఆ కబురూ దాంతోపాటే పోతుంది.

పేగు చివరని పొట్టమీదికి తెచ్చి పెట్టిన స్టోమా ఉన్న మనిషికి నర్సు అవసరం మరీ ఎక్కువ. అది బుగ్గ లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉండాలి. నీలంగానో నల్లగానో మారితే రక్తం అందడం లేదని అర్థం. దానిమీద అతికించిన సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువెక్కితే ఊడుతుంది. ఈ పనులు నాలుగు రోజుల్లో నేర్పొచ్చు. తన పొట్టవైపు తాను చూసుకోలేక కళ్ళు మూసుకునే మనిషికి ధైర్యం నేర్పడానికి ఎక్కువ రోజులు పడుతుంది. సంచి మార్చేటప్పుడు నర్సు మొహంలో ఏ చిన్న విసుగు కనబడినా ఆ మనిషి జన్మలో మరిచిపోడు. అక్కడ ఆమె మొహం కూడా మందే.

మన ఇళ్ళలో మలం మాట ఎత్తడమే తప్పు. సిగ్గుతో దాచిన ఆ మాటలోనే చాలా జబ్బులు ముదిరిపోతాయి. రక్తం పడుతున్నా ఏడాదిపాటు ఎవరికీ చెప్పని అమ్మలున్నారు. ఆ సిగ్గుని గౌరవిస్తూనే దాన్ని దాటించడం నర్సింగ్ మనకిచ్చిన గొప్ప సంస్కారం. నర్సు తెర లాగి, గొంతు తగ్గించి, మామూలు విషయం అడిగినట్టే అడుగుతుంది. అవతలివాళ్ళకి అది మామూలు విషయమైపోతుంది.

మూడో రోజు సాయంత్రం ఆ పెద్దాయనే చెయ్యి ఊపి సిస్టర్ని పిలిచాడు. మనవరాలు అక్కడే ఉన్నా ఈసారి మొహం తిప్పుకోలేదు. "అమ్మా, పోయింది" అన్నాడు. ఆమె గడియారం చూసి చార్టులో వేళ రాసి, గుక్కెడు గోరువెచ్చని నీళ్ళు తేవడానికి వెళ్ళింది.