సుఖవ్యాధిలో సుఖం ఎవరిది?

మన ప్రభుత్వాసుపత్రుల్లో 'చర్మ, సుఖవ్యాధుల విభాగం' అన్న బోర్డు ఎన్నో ఏళ్లుగా వుంది. అంతకుముందు 'గుహ్యరోగాలు' అనేవాళ్లు. ఒక మాట రోగాన్ని దాచమంటుంది. ఇంకో మాట అది సుఖపడినందుకు వచ్చిన ఫలితమని తీర్పు చెబుతుంది. రెండింటిలోనూ రోగి లేదు. అనంతపురంలో తెలుగు పాఠం చెప్పుకుంటూ బతుకుతున్నదాన్ని. మాటల్ని చదవడమే నా పని కనుక వీటినీ చదువుతున్నాను.

నేను మాట్లాడేది జననాంగాల మీద వచ్చే పులిపిర్ల గురించి. 'కింద ఉలిపిరికాయలు లేచినాయి' అని ఆడవాళ్లు చెప్పుకునేది, అదీ చెప్పుకుంటే, వీటి గురించే. ఇవి హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల వస్తాయి. నూటికి తొంభై కేసులకు ఆ వైరస్‌లోని 6, 11 రకాలు కారణం. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు ప్రధాన కారణమైన 16, 18 రకాలు వేరు. అంటుకున్న కొన్ని వారాలకో, నెలలకో, ఒక్కోసారి ఏళ్లకో బయటపడతాయి. అందుకే ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చాయో తేల్చడం సాధారణంగా కుదరదు. ఒకరి మీద నింద మోపడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేకపోయినా నింద మాత్రం ఆగదు. మొదట పడేది ఆడదాని మీదే.

మా కరువు సీమ సాహిత్యం ఆమెను ఎక్కడిదాకా చూసింది? 1956లో వచ్చిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లోని రంగడు, గంగమ్మల దగ్గర్నుంచి సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి కథల దాకా చదువుకుంటూ వచ్చినదాన్ని. ఎండిన చేలు, అప్పులు, ఊరు విడిచిపోవడం, ఆకలి అన్నీ వున్నాయి. నేను చదివినంతలో ఆకలిగొన్న కడుపు దగ్గరే ఆమె శరీరం ఆగిపోతుంది. ఆ కింద ఏ బాధా లేనట్టు కథ సాగిపోతుంది.

మగ రచయితల్ని మాత్రమే అడిగితే న్యాయం కాదు. స్త్రీశక్తి సంఘటన 1991లోనే 'సవాలక్ష సందేహాలు' తెచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', ఓల్గా 'అయోని' మన సాహిత్యంలోకి శరీరాన్ని తెచ్చాయి. ప్రసవం, గర్భస్రావం, బలవంతంగా వ్యభిచారంలోకి నెట్టిన పసితనం గురించి రాయగలిగాం. కానీ మామూలు సంసారంలో వచ్చిన పులిపిరి ఎవరినీ అమరురాల్ని చెయ్యదు. దాని గురించి రాస్తే గౌరవం రాదు, జాలి కూడా రాదు. మనం కూడా గౌరవనీయమైన బాధల్నే ఎంచుకున్నామేమో ఆలోచించాలి.

డాక్టరు రాసిచ్చే చీటీ కూడా ఒక రచనే. ప్రతి రచనా తనను చదివే మనిషిని ముందే ఊహించుకుంటుంది. ఇమిక్విమోడ్ క్రీము వారానికి మూడు రాత్రులు రాసుకుని పొద్దున కడుక్కోవాలి. పదహారు వారాల దాకా పట్టవచ్చు. పోడోఫైలోటాక్సిన్ రోజుకు రెండుసార్లు చొప్పున మూడు రోజులు రాసి, నాలుగు రోజులు ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. ఈ మందులు ఊహించుకున్న స్త్రీకి తలుపు వేసుకునే గది వుంది, వెలుతురు వుంది, చేతిలో అద్దం వుంది, తన శరీరాన్ని తాను చూసుకునే ధైర్యం వుంది. ఆసుపత్రిలో పూసే పోడోఫిలిన్‌ను నాలుగు గంటల్లోపు కడిగెయ్యాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, బిందెల వరసలో నిలబడే ఆమెకు ఆ వేళకు నీళ్లూ చాటూ రెండూ దొరకాలి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, యాసిడ్ పూయడం, కరెంటుతో కాల్చడం, కోసి తీసెయ్యడం వున్నాయి. మొదటి రెండింటికీ మళ్లీ మళ్లీ రావాలి. వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. గర్భంతో వుంటే క్రీములూ పోడోఫిలినూ వాడకూడదు. గడ్డకట్టించడం, యాసిడ్ పూయడం చెయ్యవచ్చు. కొన్ని పులిపిర్లు ఏడాదిలోపు వాటంతటవే పోతాయి కనుక వేచి చూడడం కూడా ఒక మార్గమే. ఏది చేసినా పోయేది పులిపిరి. వైరస్ మిగలవచ్చు, మొదటి మూణ్ణెల్లలో మళ్లీ రావడం మామూలే. సిఫిలిస్‌లోనూ ఇలాంటి బొడిపెలు వస్తాయి కాబట్టి రక్తపరీక్ష అవసరం. మొహమ్మీది పులిపిరికి పెట్టే సున్నమూ సోడా, జీడిగింజ రసం ఇక్కడ పెడితే ఒళ్లు కాలిపోతుంది.

వీటిలో ఏ ఒక్క చికిత్సా అందరికీ మేలైందని వైద్యశాస్త్రం చెప్పడం లేదు. పులిపిర్లు ఎన్ని, ఎక్కడ, ఖర్చెంత, ఆమెకు ఏది వీలవుతుంది అన్నవాటిని బట్టే నిర్ణయించాలంటుంది. అంటే ఆమెను అడగడం మర్యాద మాత్రమే కాదు, వైద్యంలో భాగం. అడగాలంటే ముందు ఆమె లెక్కలోకి రావాలి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ లైంగిక వ్యాధుల లక్షణాలకు ఏడు రంగుల మందుల కిట్లు రూపొందించింది. ఆ ఏడు రంగుల్లో పులిపిర్లకు రంగు లేదు.

అడగకపోవడం ఎంత దూరం పోతుందో 2009లో ఖమ్మం జిల్లాలో చూశాం. 6, 11, 16, 18 రకాల్ని అడ్డుకునే టీకాను ఒక అధ్యయనం కింద సుమారు 14 వేలమంది బాలికలకు వేశారు. వాళ్లలో ఆదివాసీ హాస్టళ్ల పిల్లలున్నారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. 2010లో కార్యక్రమం ఆపేశారు. కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. పిల్లకు గానీ తల్లికి గానీ చెప్పకుండా వేసే హక్కు మంచి టీకాకు కూడా లేదు.

'లైంగికంగా సంక్రమించే వ్యాధులు' అన్న మాట పొడవైనదే గానీ అందులో తీర్పు లేదు. బోర్డుల మీద, పాఠ్యపుస్తకాల్లో, మన వ్యాసాల్లో దాన్నే వాడదాం. ఇక కథ రాసేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఆమె మొగుడి తప్పు, కన్నీళ్లు, ఆత్మహత్య ఏవీ లేని కథ రాయండి. అందులో అనంతపురం యాసలో ఆమె డాక్టరమ్మను అడగాలి: "వీటిలో నాకు వీలయ్యేది యాదిమ్మా?"