ఉంచే పుంజు

మా గోదావరి పల్లెల్లో పెరటి పుంజుని ఎంచేవాళ్లు తక్కువ. అన్నీ పోగా మిగిలిందే పుంజు. పొదగేసిన గుడ్లలో ఇంచుమించు సగం పుంజుపిల్లలే అవుతాయి. వాటిలో పొడగరి, రంగు తేలినది ఏదైనా కనిపిస్తే డేగ అనో కాకి అనో పేరుపెట్టి సంక్రాంతికి ముందే బేరగాడు పట్టుకుపోతాడు. దాని తర్వాతిది అమ్మవారి మొక్కుకి. కండ పట్టినవి కనుమనాడు గారెల పక్కన పులుసు. ఎవరి కంటా పడని బక్కది మాఘమాసానికల్లా పెట్టలన్నిటికీ మొగుడై కూర్చుంటుంది. ఇలా నాలుగు సంక్రాంతులు గడిచాక, కోళ్లు మునుపటిలా ఎదగడం లేదని మేత మీద నెపం వేస్తాం.

పెట్ట నాసిరకమైతే దాని పిల్లల వరకే నష్టం. పుంజు నాసిరకమైతే పెరట్లో పుట్టే ప్రతి పిల్లలోనూ సగం అదే. ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు చాలు. ఎక్కువైతే పెట్టల వీపుల మీద ఈకలు ఊడి బోడి అవుతాయి. గుడ్లు తినడానికే కోళ్లు పెంచేవాళ్లకి అసలు పుంజే అక్కర్లేదు, అది లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. పిల్లలు కావాలనుకున్నవాళ్లకే ఈ తగులాటకం.

ఏ పుంజుని ఉంచుదామని అడిగితే మా అత్తగారు పుంజు వంక చూడనే చూడరు. "దాని తల్లి ఏదో చెప్పవే ముందు" అంటారు. తల్లి ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లల్ని గద్దకి ఇవ్వకుండా తిప్పుకొచ్చింది, కొక్కెర తెగులొచ్చిన ఏడు తట్టుకుని నిలిచిందా అన్నది ఆవిడ లెక్క. పుంజు గుడ్డు పెట్టకపోవచ్చు గానీ, గుడ్లు పెట్టే గుణాన్ని కూతుళ్లకి అదీ మోసుకొస్తుంది. రొమ్ము ఎముక వంకర, ముడుచుకున్న కాలివేళ్లు, కలవని ముక్కు ఉన్నదాన్ని మారు ఆలోచన లేకుండా కూరకి పంపాలి.

అసలు పరీక్ష మేత వేసే వేళ. మంచి పుంజు పురుగు దొరకగానే గుటుక్కున మింగదు. ముక్కుతో ఎత్తి పడేస్తూ, గొంతు తగ్గించి కొక్కొక్కొమంటూ పెట్టల్ని పిలుస్తుంది. ఆకాశంలో గద్ద కనబడితే ఒక అరుపు, నేల మీద కుక్కో ముంగిసో వస్తే మరో అరుపు. పెట్టలకి ఆ తేడా తెలుసు, కొన్నాళ్లు వింటే మనకీ తెలుస్తుంది. కుర్ర పుంజులు మొదట్లో మొరటుగా పెట్టల్ని తరుముతాయి. కూత నేర్చిన నెలలోనే తీర్పు చెప్పేయకుండా రెండు మూడింటిని ఇంకొన్నాళ్లు ఆపి చూడాలి. మేత ఖర్చే కదా!

మనిషి మీదికి ఎగిరే పుంజుని మాత్రం నేను ఉంచను. 'పౌరుషం' అని మెచ్చుకునే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. పసిపిల్ల కంటికి దాని కాలి ముల్లు తగిలితే వాళ్లు రారు. ఆ మాటకొస్తే కోడిపందాల బరికోసం పెంచే అసీల్ పుంజు పెంచినవాడి చేతుల్లో బుద్ధిగా ఒదిగి ఉంటుంది, దాని తగువంతా తోటి పుంజుతోనే. అందుకే రెండు అసీల్ పుంజుల్ని ఒక పెరట్లో వదల్లేం. రంగుకీ రోజుకీ లెక్కలు కట్టే కుక్కుట శాస్త్రం కూడా బరి కోసమే. పెరటికి దానితో పనిలేదు.

ఇంకో ఆశ కూడా ఉంది, వనరాజా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. త్వరగా బరువెక్కుతుంది, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అది సంకర జాతి, తల్లిదండ్రుల గుణాలు తర్వాతి తరంలో అలాగే దిగవు. పైగా పొదగడానికి కూర్చునే అలవాటు తక్కువ. నాటు పెట్టల చేతే పిల్లల్ని చేయించుకునే ఇంట్లో దాని పుంజు ఎందుకు? కూరకైతే దివ్యంగా పెంచుకోండి.

ఎంత మంచి పుంజైనా కూతుళ్ల మీదే ఏళ్ల తరబడి ఉంచకూడదు. పక్క ఊరి వదినా నేనూ పైసా లేకుండా పుంజులు మార్చుకుంటాం. వచ్చినదాన్ని కొన్నాళ్లు గంప కింద విడిగా ఉంచి, జబ్బేమీ లేదని చూసుకున్నాకే మందలో కలపాలి. పాత పుంజు బీజం పెట్ట ఒంట్లో రెండు వారాలకు పైగా నిలవగలదు. కాబట్టి దాన్ని తీసేశాక మూడు వారాలు ఆగి, ఆ తర్వాత పెట్టిన గుడ్లు పొదగేస్తేనే పిల్లలు కొత్త పుంజువి.

అమ్మకానికీ మొక్కుకీ పండక్కీ నేను అడ్డుచెప్పను. వరస మార్చమంటాను, అంతే. ఉంచే పుంజుని మొదట ఎంచండి, గద్దో దొంగో ఎత్తుకుపోతే పనికొచ్చేలా దానికి తోడు ఇంకొకటి. బేరగాడు వీధిలోకి రాకముందే ఆ రెంటి కాళ్లకీ గుడ్డపీలికలు కట్టేయండి. అతను ఎంత ఇస్తానన్నా మిగతావే చూపించండి.